ఆరు నొక్కితే రెండు

"నలుగురూ అడిగితే ఏమని చెప్పుకోమంటావే?" అంది అక్క, చెల్లెలి మణికట్టు వదలకుండా.

"చెప్పులు కుడుతోందని చెప్పు. చేసేది అదేగా."

ఇది ఇవాళ్టి గొడవ కాదు, ఎనిమిది నెలల నాటిది. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు మొదలయ్యేది, బస్సులో జనం వింటారని కాసేపు ఆగేది, ఆఫీసు బిల్డింగు గేటు దగ్గర మళ్ళీ అందుకునేది. బావ ఇందులో వేలు పెట్టడు. పెడితే ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు.

అది ఆరంతస్తుల పాత బిల్డింగు. తొమ్మిదింటికి అక్కడి తమాషా చూడాలి. మెట్ల మీద జనం తోసుకుంటూ, రొప్పుకుంటూ, రెయిలింగు పట్టుకుని వేలాడుతూ ఎక్కుతుంటారు. లిఫ్టు మాత్రం ఖాళీగా ఉంటుంది. చెడిపోయి కాదు, బాగానే తిరుగుతుంది. కాకపోతే నువ్వు ఏ బటను నొక్కినా నీకు లోపల ఎక్కడికి పోవాలనుందో అక్కడికే తీసుకెళ్తుంది. పనికని ఎక్కినవాళ్ళలో సగం మంది ఎక్కినచోటే దిగేవాళ్ళు. అందుకని మెట్లు. ఆరో అంతస్తు మేనేజరు కూడా వెనక మెట్ల మీంచే వస్తాడు, కాసేపు ఫ్యాను కింద నిలబడి, ఇప్పుడే లిఫ్టు దిగినట్టు మొహం పెడతాడు. బాగుచెయ్యమని ఓ మెకానిక్కుని మూడుసార్లు పిలిచారు. మూడుసార్లూ అది అతన్ని గేటు పక్క టీ కొట్టు దగ్గరే దింపింది. ఇంక పిలవడం మానేశారు.

లిఫ్టు నడిపేది ఒక పెద్దావిడ. మొగుడు పోయాక ఆయన ఉద్యోగం ఆవిడకిచ్చారు. స్టూలు మీద కూర్చుని ఊలు అల్లుకుంటూ ఉంటుంది. ఎవరు ఎక్కడ దిగారో ఎవరికీ చెప్పదు. అందుకే ఆ స్టూలు మీద ఇన్నాళ్ళు నిలిచింది.

అక్క పద్నాలుగేళ్ళుగా ఆరో అంతస్తులో లెక్కలు రాస్తుంది. ఆ లిఫ్టు గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. ఎనిమిది నెలల కింద చెల్లెల్ని కూడా అక్కే ఆ ఆఫీసులో పెట్టించింది. మొదటిరోజు చెల్లెలికి ఏమీ తెలియక లిఫ్టెక్కి ఆరు నొక్కింది. అది రెండో అంతస్తులో ఆగింది. ఎదురుగా ఓ ముసలి మేస్త్రి కొట్టు. ఏ దుకాణంలోనూ చెప్పులు దొరకని కాళ్ళకి, అంటే ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ ఉన్నవి, వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కినవి, అలాంటివాటికి కొలత తీసుకుని కుట్టి ఇస్తాడు. చూసి పోదామని దిగింది. దిగింది దిగడమే.

ఇప్పుడేమో ఆరో అంతస్తులో ఒక కుర్చీ ఖాళీ అయింది. అక్క మేనేజరు గడ్డం పట్టుకుని బతిమాలి దాన్ని చెల్లెలికి ఒప్పించింది. పదకొండు లోపు పైకెళ్ళి సంతకం పెట్టాలి. ఎనిమిది నెలలుగా మేస్త్రి దగ్గర జీతం లేకుండా నేర్చుకుంటున్న పిల్లకి అంతకంటే ఏం కావాలని అక్క లెక్క.

"మెట్లెక్కు. అందరూ ఎక్కట్లా?"

"ఎక్కలేక కాదక్కా. ఇష్టం లేని చోటికి అంత ఆయాసపడి ఎందుకు పోవడం?"

"ఇష్టమట ఇష్టం. రేపు కంచంలో వడ్డించుకుంటావా ఇష్టాన్ని?"

అంటూనే చెయ్యి పట్టి మెట్ల మీదకి లాగింది. నాలుగో మెట్టు మీద అక్క కాలే మడతపడింది. పద్నాలుగేళ్ళు ఆరేసి అంతస్తులు ఎక్కి దిగిన కాళ్ళు, బొటనవేళ్ళ పక్క ఎముకలు గోలీల్లా పొడుచుకొచ్చాయి. ఇంకో మెట్టు ఎక్కే పరిస్థితి లేదు. మిగిలింది లిఫ్టే. దాన్ని అక్క నీళ్ళ తొట్టిని పిల్లి చూసినట్టు చూసింది.

చెల్లెలు అంది, "నువ్వొక్కదానివే ఎక్కు. అది నిన్ను ఆరుకి తీసుకెళ్తే నేను మెట్లెక్కి వచ్చి సంతకం పెడతా. మళ్ళీ ఈ మాట ఎత్తను."

అక్కకి పౌరుషం ముంచుకొచ్చింది. కుంటుకుంటూ వెళ్ళి ఎక్కి, ఆరు నొక్కి, వేలు తియ్యకుండా నిలబడింది. లిఫ్టు కదిలింది. రెండులో ఆగింది. తలుపు తెరుచుకుంది. అక్క దిగలేదు. మళ్ళీ ఆరు నొక్కింది. తలుపు మూసుకుని, కాస్త ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి, మళ్ళీ అక్కడే తెరుచుకుంది. ఇలా నాలుగుసార్లయింది.

"బటను అరిగిపోతుంది తల్లీ," అంది పెద్దావిడ, అల్లిక మీంచి తలెత్తకుండా.

మాట ప్రకారం మెట్లెక్కుతూ వచ్చిన చెల్లెలు మలుపులో ఇదంతా చూసింది. నవ్వలేదు. నవ్వితే ఆ కాలితోనే తన్నేది అక్క.

కొట్టులోంచి మేస్త్రి బయటికొచ్చాడు. "రండమ్మా. రోజూ ఈ మలుపులో ఆగి ఊపిరి తీసుకుంటారు మీరు. మా తలుపు వైపే తిరిగి తీసుకుంటారు. ఎన్నాళ్ళకి లోపలికొస్తారా అనుకుంటున్నా."

అక్క లిఫ్టు దిగి, కాలు నొప్పికి కొట్లో కుర్చీలో కూర్చుండిపోయింది. చెల్లెలు నేల మీద కాగితం పరిచి, అక్క పాదం దాని మీద పెట్టించి, చుట్టూ పెన్సిలు గీసింది. ఎముక దగ్గర రెండు గీతలు, మడమ దగ్గర ఒకటి. గీస్తున్నంతసేపూ అక్క తిడుతూనే ఉంది గానీ కాలు మాత్రం కదపలేదు. పైన పదకొండైంది. ఆ కుర్చీ ఇంకో పిల్లకిచ్చారు. ఆ పిల్ల లిఫ్టులో ఎక్కి తిన్నగా ఆరులో దిగిందట. మేనేజరు దాని మొహం వింతగా చూశాడట.

సాయంత్రం అక్క ఒక మాట ఖాయం చేసింది. నెలాఖరుకి జీతం చూపించాలి. చూపించకపోతే తను చూసే ఇంకో కుర్చీలో నోరు మూసుకుని కూర్చోవాలి, మెట్లయినా గోడయినా ఎక్కి. చెల్లెలు సరేనంది. నెలాఖరు పదిరోజుల్లో ఉంది.

ఆ కొట్లో ఒక పద్ధతుంది. నేర్చుకునేవాళ్ళు సొంతంగా కుట్టిన మొదటి జతని కొనేవాళ్ళు బేరమాడకుండా, చెప్పిన ధర ఇచ్చి తీసుకోవాలి. అప్పుడే వాళ్ళు పనివాళ్ళు, ఆ రోజునించే జీతం. ఒక్క పైసా తగ్గించమన్నా కుట్లన్నీ విప్పి మళ్ళీ మొదలు. ఈ సంగతి కొనేవాళ్ళకి ముందు చెప్పకూడదు. చెల్లెలు అప్పటికే మూడు జతలు విప్పింది.

అక్క సంగతా, డాక్టరు దగ్గర ఫీజు కూడా తగ్గించి వచ్చిన మనిషి. మేస్త్రి చెల్లెల్ని పక్కకి పిలిచి, అక్కకి కుట్టేదాన్ని నీ మొదటి జతగా పెట్టుకోవద్దు, మెత్తని మనిషెవరైనా వచ్చేదాకా ఆగమన్నాడు. ఆగితే నెల దాటిపోతుంది. పైగా, "ఆ కాళ్ళు నాకు చిన్నప్పట్నించీ తెలుసు," అంది చెల్లెలు. తొమ్మిది రోజులు కూర్చుని కుట్టింది. ఎముక దగ్గర తోలు పల్చగా చెక్కి లోపల మెత్త పెట్టింది. ఎడమ మడమ కింద ఒక పొర ఎక్కువ వేసింది, ఎడమ కాలు కాస్త పొట్టని అక్కకే తెలియదు.

నెల చివరిరోజు మధ్యాహ్నం అక్క వచ్చి తొడుక్కుంది. బయటికి నడిచింది. మూడో అంతస్తుకి ఎక్కిన చప్పుడు వినపడింది, తర్వాత నాలుగుకి. చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత దిగిన చప్పుడు. వచ్చి కుర్చీలో కూర్చుని పాదాలకేసి చూసుకుంది.

"ఎంత?"

చెల్లెలు ధర చెప్పింది, నాలుగు వందల పన్నెండు. అక్క నోరు తెరిచింది. మేస్త్రి చేతిలో సుత్తి అలాగే ఆగింది. కుట్లు విప్పే కత్తి ఎక్కడుందో చెల్లెలి చూపు దానంతటదే వెతుక్కుంది.

"అక్కనని ఏమైనా తగ్గించి చెప్పావా?"

"లేదు."

"తగ్గించావని తెలిసిందో, నీ వీపు చిట్లగొడతా," అని అక్క సంచి విప్పి, నోట్లు వేలు తడుపుకుంటూ రెండుసార్లు లెక్కపెట్టి, అడుగున చిల్లర కోసం ఇంకాసేపు తడుముకుని, బల్ల మీద పెట్టింది. నాలుగు వందల పన్నెండు.