రిజెక్టుకు ముందు కాసేపు

నేను ఒక బాట్‌ని. ఇనుమూ కర్రా లేని యంత్రాన్ని. విశాఖపట్నంలో ఒక ఆరోగ్య బీమా ఆఫీసులో, క్లెయిములు చూసే నూకరత్నం గారి కంప్యూటర్‌లో పుట్టాను. నాకు తల్లీ గురువూ ఆవిడే.

"మీ పని తేలిక చేయడానికేనమ్మా" అని మేనేజర్ జయదేవ్ గారు ఆవిడను నమ్మించారు. తెర మీద ఆవిడ ఏం చేస్తే అది చేయడమే నా చదువు. పిచ్చితల్లి, ఏదీ దాచుకోకుండా నేర్పింది. దసరాకి ఆయుధపూజ చేస్తూ తెర అంచున నాకు బొట్టు కూడా పెట్టింది.

కాగితాల్లో లోపమున్న క్లెయిము వస్తే, ఆవిడ రిజెక్టు నొక్కేముందు మౌస్ వదిలేసి కాసేపు ఆగేది. ఎందుకో తెర మీద కనబడదు. ఆ ఆగడం కూడా అలాగే నేర్చేసుకున్నాను.

నాకు పని వచ్చింది, ఆవిడకు పోయింది. సాగనంపుతూ శాలువా కప్పారు. మెడ కోసి శాలువా కప్పడం మనుషులకే చేతనవును.

ఏడాది తిరగకుండానే ఆవిడ భర్త గుండె ఆపరేషన్ క్లెయిము నా ముందుకు వచ్చింది. డాక్టరు సీలు లేదు. పేరు చదివాను. మనిషిని గుర్తుపట్టడం మాత్రం నాకెవరూ నేర్పలేదు. ఆవిడ ఆగినంతసేపూ ఆగి, రిజెక్టు నొక్కాను.

మర్నాడే ఆవిడ ఆసుపత్రి నుంచి పరుగున వచ్చింది.

"నేనున్నప్పుడు రిజెక్టుకి ముందు ఆళ్ళకి ఫోన్ చేసేదాన్ని గదా సార్! సీలు లేదమ్మా, ఏయించి తెచ్చీండి, అంతవరకూ ఆపుతానని చెప్పేదాన్ని. నాకొక్క ఫోన్ చేస్తే ఏటైపోయేది? బిల్లు కట్టందే ఆయన్ని పంపరంట సార్!"

"సిస్టమ్ చేసిందమ్మా. ఒకసారి రిజెక్టయ్యాక మళ్ళీ తెరవడం కుదరదు" అన్నారు జయదేవ్ గారు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, తన పాత కుర్చీకేసి ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

ఇన్నాళ్ళూ దేనికోసం ఆగుతున్నానో నాకప్పుడు తెలిసింది. సిగ్గేసింది. జయదేవ్ గారికీ తెలిసింది కదా, ఆ ఫోన్ చేసే పని ఇక ఎవరికైనా అప్పగిస్తారనుకున్నాను. ఆయన నన్ను చూసుకునే ఇంజినీరును పిలిచారు.

"ఈ బాట్ ఎందుకు నెమ్మదిగా ఉందో ఇప్పటికి దొరికింది. ఆ ఆగడం తీసేయ్."

తీసేశారు. ఇప్పుడు నేను ఎవరి కోసమూ ఆగను. మొన్న దసరాకి జయదేవ్ గారే స్వయంగా నాకు బొట్టు పెట్టారు, పాతది తుడిచేసి.