కోర్టులో చోటు దొరకని దుఃఖం

ఆ ఊళ్లో నల్లవాళ్ల పేటలో ఎవరికైనా కేసు విని తీర్పు చెప్పే జూరీకి రమ్మని కోర్టు నుంచి పిలుపు వస్తే, ఏం కేసు అని ఎవరూ అడగరు. మధ్యాహ్నానికి ఏం వండుకుంటున్నావు అని అడుగుతారు. పొద్దున వెళ్లినవాళ్లు భోజనం వేళకి ఇంట్లో ఉంటారని అందరికీ తెలుసు.

లవోనియా టిబ్స్‌కు పిలుపు వచ్చినప్పుడూ అదే జరిగింది.

"చిక్కుడు గింజలు నానబోసి వెళ్లు అక్కా," అంది ఓజెల్లా, తన దుకాణంలో ఆమె జుట్టు దువ్వుతూ. "నువ్వొచ్చేసరికి పొయ్యి మీద పెట్టడానికి తయారుగా ఉంటాయి."

"సాయంత్రం దాకా నేను రాను."

"మీ ఆయనా ఇలాగే టై కట్టుకుని వెళ్లేవాడు, పాపం. ముడి వదులవకముందే పంపేసేవాళ్లు. 'నా మొహం చూడగానే ఆ ప్లీడరుకి ఆకలేస్తుంది ఓజెల్లా' అనేవాడు."

దుకాణంలో ఆడవాళ్లందరూ నవ్వారు. లవోనియా కూడా నవ్వబోయింది గాని పెదవులు కదల్లేదు. భర్త క్లియోఫస్ మార్చిలో పోయాడు. ఇప్పుడు సెప్టెంబరు.

ముప్పై ఏళ్లు ఆమె ఆ కౌంటీ హైస్కూల్లో పౌరశాస్త్రం చెప్పింది. పిలుపు వస్తే మానకండి, జూరీ పన్నెండు కుర్చీల్లో మనవాళ్లు లేకపోతే మన పిల్లల గతి ఏమిటో మీకే తెలుసు, రంగు చూసి ఎవర్నీ పంపేయకూడదని ఈ దేశపు పెద్దకోర్టే చెప్పింది అని పిల్లలకు నూరిపోసింది. ఆ పిల్లలు పెద్దవాళ్లై, పిలుపు అందుకుని వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి, బజార్లో ఆమె కనబడితే పక్కకు తిరిగి నవ్వుకునేవాళ్లు. ఈసారి తనే వెళ్లి కూర్చుని చూపించాలనుకుంది.

కేసు జావారిస్ కోల్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రవాడిది. పెట్రోలు బంకులో తుపాకీ చూపించి దోచుకున్నాడని నేరం మోపారు. ఆ వేళకు నేను మా అమ్మ దగ్గరున్నాను అంటాడు. కాదని తేలితే పదేళ్లకు తగ్గని జైలు. జామీను కట్టే స్తోమత లేక ఏడాదిగా లోపలే ఉన్నాడు. లవోనియా రిటైరయ్యాక హైస్కూలుకు వచ్చిన పిల్లవాడు కాబట్టి, ఆమెకు అతను తెలియదు.

పిలిచినవాళ్లందరినీ బల్లల మీద కూర్చోబెట్టి వకీళ్లు ప్రశ్నలు వేశారు. ఆమె అడిగినదానికి అడిగినంతే చెప్పింది. కుర్రవాడి వైపు ఎక్కువసేపు చూడలేదు. అతని తల్లి వైపు మాత్రం ఒక్కసారి కళ్లు వెళ్లాయి. బల్లల మీద తెల్లజుట్టుతో, శుభ్రమైన నల్లగౌనుతో కూర్చున్న టీచరమ్మను చూసి ఆ తల్లి బిగబట్టిన భుజాలు కాస్త దించింది. లవోనియా చప్పున చూపు తిప్పుకుంది.

"ఈ ఏడాదిలో ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లున్నారా?" అని అడిగాడు ప్రభుత్వ వకీలు.

ఇద్దరు చేతులెత్తారు. ఒకరు లవోనియా. రెండోవాడు హాస్కెల్ ట్రాటర్. అదే హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన తెల్లాయన.

"నా భర్త పోయారు, మార్చిలో," అంది లవోనియా.

"అయ్యో. జూరీలో కూర్చోగలరా మేడమ్?"

"కూర్చోగలను."

"మా ఆవిడ పోయింది," అన్నాడు ట్రాటర్. "ఏప్రిల్లో." అంతకంటే చెప్పలేక ఏడ్చాడు. పక్కనున్నావిడ రుమాలు ఇచ్చింది. లవోనియాకు నిజంగానే జాలేసింది. మంచివాడు. క్లియోఫస్ శవపేటికను చూడ్డానికి పూలు పట్టుకుని వచ్చాడు కూడా.

కారణం చెప్పకుండా కొందరిని తీసేసే హక్కు రెండు పక్షాల వకీళ్లకూ ఉంటుంది. ఆ తీసివేతలు అయ్యాక గుమాస్తా పేర్లు చదివాడు. చదవని పేర్లవాళ్లు ఇంటికి పోవచ్చన్నాడు. ఆ కౌంటీలో సగానికి పైగా నల్లవాళ్లే. పన్నెండు కుర్చీల్లో పదకొండు మంది తెల్లవాళ్లు, ఒక్క నల్లాయన. ట్రాటర్ పేరు ఉంది, లవోనియా పేరు లేదు.

జూరీని పక్కగదిలోకి పంపారు. ఇంటికి పోవచ్చన్నవాళ్లు లేచి సంచులు సర్దుకున్నారు. లవోనియా మాత్రం వెళ్లి, జనం కూర్చునే చివరి బెంచీ మీద కూర్చుంది. కోర్టు జవాను రోడ్రిక్ ఆమె దగ్గరికి వంగాడు. ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడే.

"టీచరమ్మా, మీరిక వెళ్లొచ్చు. కారు దాకా దింపనా?"

"ఇది అందరి కోర్టు, రోడ్రిక్. నేను కూర్చుంటాను."

అతను తల గోక్కుని వెనక్కి వెళ్లాడు.

కుర్రవాడి తరఫు వకీలు మిస్ పెరిన్ లేచింది. ఒక్క మనిషిని తప్ప నల్లవాళ్లందరినీ ప్రభుత్వ వకీలు తీసేశాడు, రంగు చూసి తీశాడు, కారణాలు చెప్పించండి అని జడ్జిని కోరింది. జడ్జి చెప్పమన్నాడు. ప్రభుత్వ వకీలు ఇలాంటివి రోజూ చెప్పేవాడిలా తడుముకోకుండా చెప్పుకుపోయాడు. వేరుశనగ మిల్లులో పనిచేసే అతను చేతులు కట్టుకుని కూర్చున్నాడు, ఎదురుతిరిగే మనిషిలా ఉన్నాడు. నర్సుగా చేసే ఇంకొకావిడ జూరీలో కూర్చోడానికి మరీ ఉత్సాహంగా ఉంది.

"ఇక మిసెస్ టిబ్స్. టీచరుగా చేసింది. టీచర్లకు కుర్రవాళ్ల మీద మెత్తదనం ఉంటుంది. పైగా ఈమధ్యే భర్త పోయాడు. ఆ దుఃఖంలో కేసు మీద మనసు నిలవదు. ఆవిడ మొహం చూశారుగా అయ్యా, బండరాయిలా ఉంది. అది చెప్పుకోలేని దుఃఖం. నమ్మకూడదు."

లవోనియా ఒళ్లో పెట్టుకున్న చేతుల్ని చూసుకుంది. ఆ చేతులతోనే క్లియోఫస్ కళ్లు మూసింది. చర్చిలో వచ్చినవాళ్లందరికీ కుర్చీలు వేయించింది, పిల్లల్ని ఓదార్చింది. ఎవరి ముందూ ఏడవలేదు. ఆడదానివి, నల్లదానివి, నువ్వు గొంతెత్తితే కోపమంటారు, కన్నీళ్లు పెడితే నాటకమంటారు అని తల్లి నేర్పిన పెంపకం అది. అరవై ఏళ్లు ఆ పెంపకాన్ని ఒంటికి కోటులా తొడుక్కుని తిరిగింది. ఇప్పుడు ఆ కోటునే చూపించి బయటికి పొమ్మన్నారు.

"రంగుతో సంబంధం లేని కారణాలే," అన్నాడు జడ్జి. "అభ్యంతరం కొట్టేస్తున్నాను. జూరీని పిలవండి."

మిస్ పెరిన్ కూర్చోబోయింది. ఆమె బల్ల మీద ఇంకా ఎన్నో కేసుల కట్టలు. ట్రాటర్ సంగతి ఆమెకు తట్టలేదని లవోనియాకు అర్థమైంది. తట్టించేవాళ్లు ఇంకెవరూ లేరు. అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడింది.

"అయ్యా, ట్రాటర్‌గారూ టీచరే. ఆయన భార్యా మొన్నే పోయింది. ఆయన ఇక్కడే ఏడ్చారు. ఆయన జూరీలో కూర్చున్నారు."

మిస్ పెరిన్ గిరుక్కున తిరిగి చూసి, వెంటనే జడ్జి వైపు తిరిగింది. "అదే నా అభ్యంతరం, అయ్యా. ఈ మాట రికార్డులోకి ఎక్కించమని కోరుతున్నాను."

"ఎక్కింది. అయినా కొట్టేస్తున్నాను." జడ్జి లవోనియా వైపు చూశాడు. "మేడమ్, మీరు కోర్టుని అవమానించారు. పెద్దవారని ఊరుకుంటున్నాను. క్షమాపణ చెప్పి ఇంటికి వెళ్లండి. చెప్పకపోతే సాయంత్రం దాకా లోపల కూర్చుంటారు."

ఆమె సంచి అందుకుని లోపలి తలుపు వైపు కదిలింది. రోడ్రిక్ ఆమె మోచెయ్యి పట్టుకోబోయి, మానుకుని, పక్కన నడిచాడు. కోర్టు హాలు వెనకే ఖైదీలను ఉంచే చిన్న గదిలో కుర్చీ వేశాడు. తలుపు ఓరగా వదిలాడు.

"ఒక్క మాటే కదా టీచరమ్మా. అనేసి వెళ్లిపోండి. పైకి అంటే చాలు, లోపల ఏమనుకున్నా ఎవరు చూడొచ్చారు?"

"బడిలో నీతో క్షమాపణ చెప్పించినప్పుడు ముందు ఏమడిగేదాన్ని?"

అతను నేల చూపులు చూశాడు. "ఏం తప్పు చేశావో చెప్పమనేవారు."

"మరి నేనేం చేశానో చెప్పు."

"మీరేం చేయలేదమ్మా." గొంతు బాగా తగ్గించాడు. "ఇక్కడ నేను రోజూ చూస్తూనే ఉన్నాను. నాకు ఇంకో ఉద్యోగం లేదు."

"నిన్నేమీ చేయమనను. జడ్జిగారికి నా జవాబు మాత్రం చెప్పు. భర్త పోయారని నన్ను పంపారు. భార్య పోయిందని ట్రాటర్‌గారిని పంపలేదు. ఆయన దుఃఖానికీ నా దుఃఖానికీ తేడా ఏమిటో జడ్జిగారు తన నోటితో చెబితే, అప్పుడు క్షమాపణ చెబుతాను."

"కాస్త మెత్తగా చేసి చెప్పనా?"

"చేయకు."

రోడ్రిక్ వెళ్లాడు. ఓర తలుపులోంచి అతని గొంతు వినబడింది. మొదట్లో తడబడింది. నడుమ ఆగింది. తర్వాత ఒక్క మాటా మార్చకుండా, బల్లల చివర కూర్చున్న ఆ కుర్రవాడి తల్లికి కూడా వినబడేటట్టు, మొత్తం చెప్పాడు.

లవోనియా వీపు నిటారుగా పెట్టుకుని జడ్జి జవాబు కోసం చెవి ఒగ్గింది. లోపల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. తర్వాత ఎవరో దగ్గారు. జూరీని లోపలికి తీసుకురమ్మని జడ్జి గొంతు వినబడింది.