షికాగో చిల్లులు

సర్టిఫికెట్‌లో రెండే వాక్యాలున్నాయి. స్టాంపు అసలైనది. అంచున ఉన్న చిల్లులు ఈ కాలంలో వేసినవి.

భీమశంకరం కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. నలభై ఏళ్ళు పెథాలజిస్టుగా పనిచేసి షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో రిటైరైన మనిషి. ఇలాంటి రెండు వాక్యాల రిపోర్టులు తనే వేలకొద్దీ రాశాడు.

1851లో అచ్చయిన అమెరికా మూడు సెంట్ల స్టాంపులకు చిల్లులుండేవి కావు. కత్తెరతో కత్తిరించుకునేవారు. ప్రభుత్వం 1857లో చిల్లుల స్టాంపులు తెచ్చేలోపే షికాగోలో ఎవరో సొంతంగా యంత్రం చేసి కొన్ని షీట్లకు చిల్లులు వేశారు. వాటిలో మిగిలినవి బహు కొద్ది. భీమశంకరం ఇరవై ఏళ్ళు వెతికినా ఒక్కటి దొరకలేదు. చివరికి అతని రిటైర్మెంట్ పార్టీలో స్నేహితుడు జితేందర్ ఒక చిన్న కవరు చేతిలో పెట్టాడు. లోపల అలాంటి స్టాంపే చూసి భీమశంకరం అందరి ముందూ ఏడ్చేశాడు.

అది జరిగి తొమ్మిదేళ్ళు. స్నేహితుడిచ్చినదాన్ని పరీక్షకు పంపడం అతన్ని అనుమానించినట్టని ఇన్నాళ్ళూ పంపలేదు. ఈసారి స్టాంపుల ఎగ్జిబిషన్‌వాళ్ళు సర్టిఫికెట్ ఉండాల్సిందే అన్నారు.

కాగితం జేబులో పెట్టుకుని జితేందర్ ఇంటికి డ్రైవ్ చేశాడు. ఒకప్పుడు మెషీన్ షాప్ నడిపిన జితేందర్ ఇప్పుడు గ్యారేజ్‌లోనే ఏవో పనిముట్లు చేసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు. కాగితం చూసి చేతిలోని ఆకురాయి పక్కన పెట్టాడు.

"నేనే చేసిన అన్నా. మామూలు స్టాంప్ కొని, పంచ్ తయారుచేసి కొట్టిన. మర్నాడు చెప్పి నవ్వుకుందామనుకున్న. నువ్వేమో ఏడిస్తివి. ఇంగ ఎట్ల చెప్తా?"

"తొమ్మిదేళ్ళు, జితేందర్. మన స్టాంపుల క్లబ్‌లో దాని మీద లెక్చర్లిచ్చాను. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టావు."

"నువ్వు ఖుషీగున్నవ్ కదా అన్నా."

భీమశంకరానికి అప్పుడు గుర్తొచ్చింది. నాలుగేళ్ళ క్రితం క్లబ్‌కి ఛాయాదేవి అనే రిటైరైన ఫార్మసిస్టు ఒక పాత ఉత్తరం తెచ్చింది. దాని మీద అలాంటి స్టాంపే. అతను మైక్రోస్కోప్ కింద తన స్టాంపు పక్కన పెట్టి చూశాడు. తనవి నున్నటి చిల్లులు, ఆమెవి గరుకైనవి. "ఇవి ఎవరో తర్వాత వేసినవమ్మా" అని అందరూ వింటుండగా చెప్పాడు. ఆమె మళ్ళీ క్లబ్‌కి రాలేదు.

"ఆ రోజు నా పక్కనే ఉన్నావు. కరెక్టేనని తలూపావు. ఎందుకు?"

జితేందర్ పక్కన పెట్టిన ఆకురాయిని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ఆమెది రియల్ అంటే, నీది ఫేకని నీకు డౌటొస్తది కదా."

భీమశంకరం సర్టిఫికెట్ తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. బహుమతి మాత్రమే అబద్ధమైతే క్షమించగలిగేవాడేమో. తన నోటితో, తన పేరుతో ఇంకొకరికి అన్యాయం జరుగుతుంటే జితేందర్ పక్కనే ఉండి చూశాడే, అది మింగుడుపడలేదు. వెళ్తానని చెప్పకుండానే బయటికొచ్చేశాడు.

మర్నాడు ఛాయాదేవి ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె టీ కప్పు అతని ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఆ ఉత్తరం ఒక్కసారి చూపిస్తారా? పరీక్షకు నేను పంపిస్తాను."

"లేదు డాక్టరుగారూ. నకిలీదేగా అని మా మనవరాలు నైనిక స్కూల్ ప్రాజెక్ట్‌కి ఇచ్చేశాను. చార్ట్ మీద గమ్‌తో అంటించింది. ఆ ఏడు క్లాసులు అయిపోయాక స్కూల్‌వాళ్ళు పారేశారు."

"అది అసలైనదేనేమో అమ్మా."

"అయ్యుండొచ్చు. ఇప్పుడెలా తెలుస్తుంది? స్టాంపు పోతే పోయింది. ఆ రోజు గదిలో అందరూ నన్ను చూసిన చూపుంది చూడండి, నేనేదో మోసం చేయడానికి తెచ్చినట్టు." ఆమె గొంతు పెంచలేదు. అతను తలొంచుకుని టీ తాగాడు.

ఆ నెల క్లబ్ మీటింగ్‌లో భీమశంకరం లేచి సర్టిఫికెట్ చదివాడు. తన స్టాంపుతో పోల్చి ఛాయాదేవిగారి స్టాంపును నకిలీ అనడం తన తప్పని చెప్పాడు. అతని స్టాంపుకు ఆ చిల్లులు ఎవరు వేశారని ఎవరో అడిగారు. రెండో వరసలో జితేందర్ ఫోన్ చూసుకుంటున్నాడు.

"అది వేసినవాళ్ళే చెప్పాలి" అని భీమశంకరం కూర్చున్నాడు. జితేందర్ ఫోన్‌లోంచి తలెత్తలేదు.

పార్కింగ్ లాట్‌లో జితేందర్ వెనకాలే పరిగెత్తుకొచ్చాడు. "థ్యాంక్స్ అన్నా. నా పేరు చెప్పలే."

"నువ్వే చెప్తావని ఆగాను" అన్నాడు భీమశంకరం.

జితేందర్ ఇంకేదో అనబోయాడు. భీమశంకరం కారెక్కి తలుపు వేసుకున్నాడు. ఆ తర్వాత జితేందర్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.