చచ్చినవాడు కాల్చిన రొట్టెలు

మా నాన్నను ఊళ్ళో సగం మంది హంతకుడు అనుకుంటారు. మొహం మీద అనరు లెండి. మా దగ్గర వేడి రొట్టె కొనుక్కుని, వీధి మలుపు తిరిగాక అంటారు. నాకు చెవులు లేవనుకుంటారు కాబోలు.

నేను పుట్టకముందు ఈ బేకరీ ఒక షావుకారుది, రొట్టెలు ఆయనే కాల్చేవాడట. నాన్న పొద్దున్నే ఇక్కడి రొట్టెలు సైకిల్ మీద ఇంటింటికీ వేసేవాడు. అమ్మ అప్పుడు కొత్త కోడలు. అందరికంటే ముందు వచ్చి పిండి జల్లించి, గది ఊడ్చి వెళ్ళేది. ఒకరోజు ఎప్పటిలాగే గుమ్మం దగ్గర రొట్టెల బుట్టలు పొగలు కక్కుతూ ఉన్నాయి. నాన్న తీసుకెళ్ళి వేశాడు, ఊరంతా తిన్నది. పొద్దెక్కాక ఎవరో తలుపు తోసి చూస్తే షావుకారు పిండి బస్తాల వెనక తల పగిలి పడి ఉన్నాడు. ఆ పిండి కలపకముందే ప్రాణం పోయిందని డాక్టర్లు తేల్చారు. మరి రొట్టెలు కాల్చింది ఎవరు?

దానికి తోడు ఇంకో వింత. పచ్చి రొట్టె పొంగాక, బట్టీలో పెట్టేముందు పైన మూడు గాట్లు పెడతారు. షావుకారు గాట్లు ఎప్పుడూ కుడివైపుకు వాలి ఉండేవి. ఆ రోజువి ఎడమవైపుకు వాలాయి. చచ్చినవాడు అవతలి లోకం నుంచి కోశాడు, అందుకే అద్దంలోలా తిరగబడ్డాయి అని జనం తేల్చేశారు. పోలీసులు మాత్రం దెయ్యాన్ని వదిలేసి మా నాన్నను పట్టుకున్నారు. చితగ్గొట్టి, ఏమీ తేలక పంపేశారు. ఆ తర్వాత ఆయనకు ఎవరూ పని ఇవ్వలేదు. హత్య జరిగిన కొట్టును ఎవరూ తీసుకోకపోతే ఆయనే అద్దెకు తీసుకుని, నానా తంటాలు పడి రొట్టెలు కాల్చడం నేర్చుకున్నాడు. జనం నోళ్ళకు అది ఇంకాస్త మేత అయింది.

ఎవరు అడిగినా నాన్నది ఒకటే మాట. "చచ్చినవాడే కాల్చుకున్నాడేమో లెండి."

నాకు ఒళ్ళు మండిపోయేది. బళ్ళో నన్ను హంతకుడి కూతురా అని పిలిచినవాళ్ళతో జుట్టూజుట్టూ పట్టుకుని కొట్టుకున్నదాన్ని నేను. "నేను కాదు అని ఒక్కసారి గట్టిగా అరవొచ్చుగా నాన్నా!" అంటే నవ్వేసి ఊరుకునేవాడు.

ఇక మా అమ్మ. ఆవిడ మహారాణి. కాపురం బేకరీ మేడ మీదే అయినా బట్టీ గదిలో అడుగు పెట్టదు. కత్తి ముట్టదు. ఇంట్లో కూరలు తరగడం నాన్న పని, చివరికి ఉల్లిపాయలు కూడా. "పెళ్ళినాడే రాయించుకున్నావా ఏంటి?" అని అమ్మను వేళాకోళం చేస్తే, "నీకెందుకే, నా చేతులు బాగానే ఉన్నాయిగా" అనేవాడు నాన్న, కారే కళ్ళు మోచేత్తో తుడుచుకుంటూ.

ఇన్నాళ్ళకు దేవతలా ఒక అమ్మాయి వచ్చింది. అంతుచిక్కని కేసుల మీద వీడియోలు తీస్తుందట. అప్పట్లో పేపర్లో పడ్డ ఆ రొట్టె ఫొటోను పెద్దది చేయించి తెచ్చింది.

"దెయ్యమూ లేదు, భూతమూ లేదు ఆంటీ. ఇవి ఎడమచేతి వాటం మనిషి పెట్టిన గాట్లు. అంకుల్‌ది కుడిచేతి వాటం. కెమెరా ముందు ఆయన మామూలుగా కోసి చూపిస్తే చాలు, ఆయన కాదని లోకమంతా చూస్తుంది. అసలు మనిషి ఎవరో తర్వాత నేను వెతుకుతాను."

ఆ పిల్లను ముద్దుపెట్టుకోవాలనిపించింది. ఇంత చిన్న విషయం ఇన్నేళ్ళూ ఒక్కడి బుర్రకూ తట్టలేదే! నాన్న మాత్రం, "ఇప్పుడెందుకే ఇదంతా?" అని నసిగాడు. నేను వింటేగా.

మెట్ల మీద కూర్చుని ఉన్న అమ్మ అడిగింది. "ఆయన పేరు నిజంగా బాగుపడుతుందా అమ్మాయ్?"

"పడుతుంది బామ్మగారూ."

అమ్మ తల ఊపింది.

మధ్యాహ్నం ఆ అమ్మాయి ముందు గదిలో లైట్లు బిగిస్తోంది. నాన్న చొక్కా మార్చుకోవడానికి మేడ మీదకు వెళ్ళాడు. నేను హడావిడిలో కాలుతున్న రేకు పట్టుకుని చెయ్యి కాల్చుకున్నాను. పెరట్లో కుళాయి కింద చెయ్యి పెట్టి, షావుకారును, రేకును, నన్ను కలిపి తిట్టుకుని తిరిగి వచ్చేసరికి, బట్టీ గదిలో అమ్మ ఉంది.

బల్ల మీద పచ్చి రొట్టెలు పొంగి ఉన్నాయి. అమ్మ చేతిలో కత్తి. ఎడమ చేతిలో. చకచకా మూడు గాట్లు, మళ్ళీ మూడు గాట్లు. తడబాటు లేదు. అన్నీ ఎడమవైపుకు వాలాయి.

"అమ్మా," అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. "వాడు తాగి పడుకునేవాడు. రొట్టెలు నాతో చేయించి తన పేరు చెప్పుకునేవాడు. గాట్లు మాత్రం తనే పెట్టేవాడు. ఆ రోజు నన్ను బస్తాల మీదకు తోశాడు. చేతికి అప్పడాల కర్ర దొరికింది. ఒక్కటే దెబ్బ. మళ్ళీ లేవలేదు."

"మరి... రొట్టెలెందుకు కాల్చావే?"

"గుమ్మంలో రొట్టెలు లేకపోతే మీ నాన్న లోపలికి వస్తాడు. శవాన్ని మొదట చూసినవాడు ఆయనే అవుతాడు. బుట్టలుంటే ఎప్పటిలాగే తీసుకుపోతాడు, సంగతి బయటపడేసరికి ఊళ్ళో ఎక్కడో ఉంటాడు అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ రొట్టెలే ఆయన్ని పట్టించాయి."

బల్ల పట్టుకుని నిలబడ్డాను. బొద్దింకను చంపాలన్నా నన్ను పిలిచే మా అమ్మ!

"ఆ పిల్ల ఎడమచేతి మనిషిని వెతుకుతానందిగా. ఎందుకు శ్రమ? నేనే చెప్తాను. ఆయన మోసింది చాలు."

అప్పుడు చూశాను, గుమ్మంలో నాన్న. ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆ మొహంలో ఆశ్చర్యం అనేది మచ్చుకైనా లేదు.

వచ్చి, కూరల దగ్గర లాక్కున్నట్టే అమ్మ చేతిలోంచి కత్తి లాక్కున్నాడు. ఒక్కో రొట్టె మీదా ఆమె గాట్లకు అడ్డంగా తన గాట్లు పెట్టుకుంటూ పోయాడు. ఎటు వాలాయో ఇక ఎవరికీ తెలియదు.

"నీకు తెలుసా నాన్నా?"

"మొదటి వీధి దాటకముందే తెలుసు. బుట్టలో పై రొట్టె చూశాను. కాపురానికొచ్చిన వారంలోనే చూశాగా, కూరలు తరిగే దాని చెయ్యి."

"తెలిసీ ఆ దెబ్బలన్నీ తిన్నావా?"

"తిన్నాను. అయిపోయింది."

అమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది. "ఈ ఒక్కసారికి చెప్పనివ్వండి. మీకు దణ్ణం పెడతాను."

"చెప్పి జైలుకు పోతావా? ఈ వయసులో నన్ను ఒంటరిగా కూర్చుని ఉల్లిపాయలు తరుక్కోమంటావా?"

ముందు గదిలోంచి అడుగుల చప్పుడైంది. అమ్మ గబగబా కళ్ళు తుడుచుకుంది. కెమెరా పట్టుకుని వచ్చిన అమ్మాయి రొట్టెలు చూసి నీరుగారిపోయింది.

"అయ్యో, ఇలా అడ్డదిడ్డంగా కోసేశారేంటి అంకుల్? పోల్చి చూపించాలన్నానుగా! పోనీ, ఇంకో ముద్ద మీద కోయండి."

"పిండి అయిపోయిందమ్మా," అన్నాడు నాన్న. మూల తొట్టిలో పిండి మూత దాటి పొంగుతోంది. ఆ అమ్మాయి దాన్ని చూసింది. నాన్నను చూసింది. అంతవరకూ ఆయన మీద లేని అనుమానం అప్పుడు ఆమె కళ్ళలో కనపడింది. నా కళ్ళ ముందే నాన్న మళ్ళీ హంతకుడయ్యాడు.

ఆమె కెమెరా నావైపు తిప్పింది.

"మీరు చెప్పండి ఆంటీ. ఆ రోజు రొట్టెలు ఎవరు కాల్చారు?"

నా చిన్నప్పటి నుంచి నేను ఎదురుచూసిన ప్రశ్న అది. జవాబు నా పక్కనే నిలబడి ఉంది, చెయ్యి కొంగు కింద దాచుకుని. నాన్న జీవితంలో నన్ను ఏదీ అడగలేదు. ఇప్పుడు చూపుతో అడుగుతున్నాడు. కాలిన చెయ్యి భగ్గుమంటోంది. ఏడుపొస్తోంది, కోపమొస్తోంది, ఎవరి మీదో తెలియడం లేదు.

"చచ్చినవాడే కాల్చుకున్నాడేమో లెండి," అన్నాను.