యాభై నిమిషాలు

నా కౌన్సిలింగ్‌కి ఆయన చొక్కా ఇస్త్రీ చేశాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు. "కొత్తవాళ్ల ముందుకి వెళ్తున్నాం, కాస్త మనుషుల్లా కనబడాలిగా" అన్నాడు మా ఆయన బనియన్‌తో నిలబడి. ఇద్దరిదీ ఒకే కాలేజీ, ఒకే కోర్సు. గది తాళం తీసి లోపలికొచ్చాక మాత్రం ఆయన స్టూడెంటు, నేను ఇల్లాలిని. ఆయన చదువుకుంటుంటే నేను వంట చేస్తాను. నేను పుస్తకం తీస్తే "ఇంకా అవలేదా?" అంటాడు. వారానికోసారి మా అత్తగారు వీడియోలో కనబడి, "వాడసలే సున్నితం అమ్మాయ్, పరాయి దేశంలో బెంగ పెట్టుకుంటాడు, కాస్త కనిపెట్టుకుని ఉండు" అంటుంది. నేనేదో ఇక్కడే పుట్టి పెరిగినట్టు!

నాలుగు నెలలుగా పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కింద బట్టలుతికే మెషీన్ల గదిలో కూర్చుని ఏడ్చి, బట్టలు ఆరేలోపు ముఖం కడుక్కుని పైకొచ్చేదాన్ని. ఒకరోజు స్టాపులో బస్సు వస్తుంటే, ఎక్కాలని కాదు, దానికి ఎదురెళ్లాలనిపించింది. ఆ మధ్యాహ్నమే కాలేజీ కౌన్సిలర్ దగ్గర పేరు రాయించుకున్నాను. ఆరు వారాలు ఆగితే యాభై నిమిషాలు దొరికాయి. ఆ బస్సు సంగతి ఎవరో ఒకరితో అనెయ్యాలి. అనకపోతే ఈసారి నా కాళ్లు నా మాట వినవేమోనని నా భయం.

"ఒక్కదానివే ఏం వెళ్తావ్, తోడొస్తాలే" అన్నాడు. కౌన్సిలర్ తల నెరిసిన పెద్దావిడ. గుమ్మంలోనే ఆగి, "ఈయన లోపలికి రావాలా, బయట కూర్చోవాలా? మీ ఇష్టం" అని నన్నే అడిగింది. కట్టుకున్నవాణ్ణి నలుగురిలో బయట కూర్చోమనడం ఎలా? "పర్లేదండీ, ఉండనివ్వండి" అనేశాను. నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.

"నిద్ర పడుతోందా?" అని ఆవిడ నన్నడిగింది. "ఎక్కడండీ, ఈవిడ అటూ ఇటూ దొర్లుతుంటే నాకు కంటిమీద కునుకే లేదు" అన్నాడు మా ఆయన. అంతే, ఇక ఆగలేదు. మార్కులు తగ్గాయట, ప్రొఫెసర్ చులకనగా చూస్తున్నాడట, వాళ్ల నాన్నకి ముఖం ఎలా చూపించాలో తెలియడం లేదట. భోరుమన్నాడు. ఆవిడ టిష్యూల డబ్బా జరిపేలోపే నేను తీసి అందించాను, వీపు కూడా నిమిరాను. జాలేసింది, అబద్ధమెందుకు? జాలితో పాటే ఒళ్లు మండిపోయింది. ఆవిడ రెండుసార్లు నావైపు తిరిగి, "మరి మీ సంగతి?" అంది. రెండుసార్లూ "బానే ఉన్నానండీ" అన్నాను. ఆ గదిలో ఏడ్చేవాళ్లు ఒకరు అప్పటికే ఉన్నారు, ఇంకొకరికి చోటుందనిపించలేదు. టైమైపోయింది. వచ్చే మంగళవారం మళ్లీ రమ్మని నాకు చీటీ రాసిచ్చింది.

దారిలో ఆయన తేలిగ్గా నడుస్తున్నాడు. "హమ్మయ్య, గుండెల మీద బండ దింపినట్టుంది. చూశావా, ఏదీ మనసులో పెట్టుకోకూడదు. నువ్వు కూడా అప్పుడప్పుడూ నోరు విప్పుతుండాలి." నాలుగడుగులు వేసి, "ఇవాళ కూరేంటి?" అన్నాడు.

మర్నాడు నేను గిన్నెలు తోముతుంటే కౌన్సిలర్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. తడిచేతులతో స్పీకర్ నొక్కాను. "మంగళవారం మీ టైము మీవారి పేరు మీదికి మార్చమని ఆయన మెయిల్ పెట్టారు. మీకు తెలిసే పెట్టారా?" అంటోంది అక్కడి అమ్మాయి.

తలెత్తి చూశాను. ఆయన బల్ల దగ్గర్నుంచి చెయ్యి ఊపుతూ, "సరే అను, సరే అను" అని గుసగుసలాడుతున్నాడు. "ఎలాగూ నువ్వక్కడ ఏం మాట్లాడవుగా! నీకు మళ్లీ ఆరు వారాల్లో దొరుకుతుందిలే."

ఆరు వారాలు. రోజూ రెండు బస్సులు.

"లేదండీ, ఆ టైము నాదే, నేనే వస్తున్నాను" అన్నాను. "ఇంకో మాట. ఆయన తోడొచ్చినా లోపలికి రానివ్వకండి. పర్లేదు, ఉండనివ్వండి అని నేనే చెప్పినా సరే, నా మాట వినకండి."