పసుపు పెట్టిన పుస్తకం

సౌజన్యకు ఇంజనీరింగ్‌లో అన్ని సబ్జెక్టులూ గట్టెక్కాయి, ఒక్క కంప్యూటర్ నెట్‌వర్క్స్ తప్ప. అది రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే చేతికొచ్చిన ఉద్యోగం చేజారినట్టే. అన్నీ పాసైతేనే చేర్చుకుంటామని కంపెనీవాళ్లు ముందే చెప్పేశారు.

అందుకే బాపట్ల కాలేజీ నుంచి రేపల్లె ఇంటికి వస్తూ, తెనాలిలో రైలు మారే వ్యవధిలో పుస్తకాల కొట్టుకు పరుగెత్తి, ఇటుకరాయంత రిఫరెన్స్ పుస్తకం కొనేసింది. రేపల్లె రైల్లో నాలుగు పేజీలు తిరగేసేసరికి గుండె జారిపోయింది. సాయంత్రం వసారాలో కూర్చుని క్లాస్‌మేట్ జయంత్‌కు ఫోన్ చేస్తే, అతను పగలబడి నవ్వాడు.

"పరీక్షకి గైడు చాలు కదా! ఆ ఏనుగుని ఎవరు మేపుతారు? తిరిగిచ్చెయ్."

"ఇచ్చేస్తాలే. నలగకుండా తెస్తే తీసుకుంటానన్నాడు కొట్టు బాబాయి. డబ్బులు దండగెందుకు?" అంది సౌజన్య. భయానికి పొదుపని పేరు పెట్టుకుంటే ఎంత హాయో!

పొద్దున లేచి చూస్తే పుస్తకం దేవుడి గూట్లో ఉంది. అట్ట నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ బొట్టు. నాన్న సింగయ్య నిజాంపట్నం నుంచి సముద్రం మీదికి వేటకెళ్లే మనిషి. ఆ ఇంట్లో కొత్త వల కొన్నా, పడవకు కొత్త ఇంజను బిగించినా, అమ్మ వెంకటసుబ్బులు పసుపు పెట్టాకే బయటికి కదలాలి.

"ఏంటమ్మా ఇది? దీన్ని తిరిగిచ్చెయ్యాలి!"

"పసుపు పెట్టిన వలని ఎవరైనా తిప్పి ఇస్తారా? పుస్తకమైనా అంతే," అంటూ అమ్మ వంటింట్లోకి పోయింది.

సౌజన్య తడిగుడ్డతో తుడిచింది. పసుపు పోలేదు సరికదా, అట్టంతా పాకింది. అలాగే తెనాలి తీసుకెళ్తే, కొట్టాయన కళ్లజోడు సవరించుకుని చూసి, పుస్తకాన్ని కళ్లకద్దుకుని, మళ్లీ ఆమె చేతిలోనే పెట్టాడు.

"పూజ చేసింది వెనక్కి తీసుకోకూడదమ్మా. చదువుకో."

చేసేదేముంది! కొన్న పాపానికి చదవడం మొదలుపెట్టింది. అమ్మను తిట్టుకుంటూ, అర్థంకాని పేజీని మళ్లీ మళ్లీ చదివింది. పంపిన సందేశం ముక్కలై, తలో దారిన పోయి, చివరికి వరస తప్పకుండా ఎలా కలుస్తుందో గైడు రెండు లైన్లలో తేల్చేసింది. ఈ పుస్తకం మాత్రం ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పింది. ఇన్నాళ్లూ బట్టీపట్టిన మాటలకు అర్థం అప్పుడు తెలిసింది.

పరీక్షలో అడిగింది దాని గురించే: దారిలో ఒక ముక్క పోతే ఏమవుతుంది? గైడులో ఆ ఊసే లేదు. సౌజన్య కలం ఆగలేదు.

ఫలితాలు వచ్చినరోజు బాపట్ల హాస్టల్ మెట్ల మీద నిలబడి ఫోన్లో 'పాస్' అన్న మాట చూసింది. హమ్మయ్య అనుకుంటూ అక్కడే కూలబడింది. నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. వెంటనే అమ్మకు ఫోన్ చేసింది.

"నీ పసుపు వల్లేనమ్మా! లేకపోతే ఆ పుస్తకం అప్పుడే ఇచ్చేసేదాన్ని."

"నాకు తెలీదటే! వసారాలో నువ్వు ఆ అబ్బాయితో అంటుంటే విన్లా? భయపడుతున్నావని నీ గొంతే చెప్పింది. వద్దంటే వింటావా నువ్వు? అందుకేగా, తెల్లారకముందే లేచి పెట్టేశా."