జయకర్ నాలుక మీద నా కాపురం

నేను ఒక నాలుక పుడకను. ముక్కుపుడకకు దూరపు చుట్టాన్నే కానీ, దానిలా ఊరందరి కంటా పడే యోగం నాకు లేదు. సన్నని స్టీలు కడ్డీ, పైనొక గుండు, కిందొక గుండు, అంతే నా ఒళ్ళు. ఏదో ఫ్యాక్టరీలో లేత్ మిషను నన్ను చెక్కి, మెరుగుపెట్టి విజయవాడలోని ఒక టాటూ కొట్టుకు పంపింది.

అక్కడ నన్ను ఏరుకున్నవాడు జయకర్. తెనాలి కుర్రాడు, పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. నాలుక పొడిచిన కొట్టు యజమాని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "తమ్ముడూ, వాపొచ్చుద్దని పొడుగు కడ్డీ వేశా. తగ్గినాక వచ్చి పొట్టిది వేయించుకో." వాపు తగ్గింది. జయకర్ మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

కారణం నేనే. డ్రమ్ములు మోగుతున్నంతసేపు క్లారినెట్ ఊరుకోవాలి, కానీ తన వంతు ఎప్పుడొస్తుందో లెక్క తప్పకూడదు. చేతులు రెండూ వాయిద్యం మీద, కాళ్ళేమో ఊరేగింపుతో పాటు నడకలో ఉంటాయి. అందుకని జయకర్ నా కింది గుండుతో కింది వరస ముందు పళ్ళ వెనక టక్కు టక్కుమని తాళం వేసుకునేవాడు. పొట్టి కడ్డీ అయితే పళ్ళకు అందదు. "ఈడికి తాళం పుట్టుకతోనే వచ్చిందిరా" అని బ్యాండు మాస్టారు ఏసోబు మురిసిపోతుంటే నోట్లో నేను ఉబ్బిపోయేదాన్ని. మెప్పు మాత్రం జయకర్ ఒక్కడే పుచ్చుకునేవాడు, మనుషుల సంగతి తెలిసిందేగా.

అలవాటు ముదిరింది. బస్సులో, టీకొట్టులో, సినిమా హాల్లో కూడా టక్కు టక్కే. నా గుండు ఒకేచోట రాసుకుని రాసుకుని అక్కడి చిగురు కొంచెం కొంచెంగా కిందికి జారింది. నొప్పి లేదు కాబట్టి అతను పట్టించుకోలేదు. నేను పట్టించుకోవడానికి నాదా ఆ చిగురు?

ఒక ఊరేగింపులో పై స్వరం అందుకోబోయి జయకర్ ఆగిపోయాడు. క్లారినెట్ వాయించాలంటే కింది పెదవిని కింది పళ్ళ మీదకు మడిచి గట్టిగా బిగబట్టాలి. ఆ బిగువుకు ఒక పన్ను కదిలింది. స్వరం తుస్సుమంది.

"ఏందిరా, ఏమైంది?" అన్నాడు ఏసోబు.

"పన్ను ఊగుతా ఉంది మాస్టారూ."

మర్నాడు ఆయనే పళ్ళ డాక్టరు నస్రీన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ చిన్న అద్దం పెట్టి పన్నుకంటే ముందు నన్ను చూసింది. నాకు గర్వంగానే ఉంది.

"పన్ను బానే ఉంది బాబూ. దాన్ని పట్టుకునే చిగురూ, లోపలి ఎముకే అరిగిపోయినయ్. జారిన చిగురు దానంతటది మళ్ళీ ఎక్కదు. ఈ పుడకను ఇప్పుడే తీసేస్తే పన్ను నిలబెట్టడానికి చూస్తా. ఉంచుకుంటే పక్కదీ ఊగుద్ది."

"ఈ పళ్ళు పోతే నేను క్లారినెట్ పట్టలేను మేడం. నాకు ఇంకో పని రాదు." అన్నాడు జయకర్.

అక్కడికక్కడే నన్ను విప్పేశారు. ఊగే పన్నును పక్క పళ్ళతో కలిపి సన్నని తీగతో కట్టిందావిడ. నేను లేక అల్లాడిపోతాడనుకున్నాను. నేనున్న చిల్లు వారం తిరక్కుండా పూడిపోయింది. నేను అరగదీసిన చిగురు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు క్లారినెట్ పెట్టెలో ఓ మూల పడి ఉంటున్నాను. జయకర్ మళ్ళీ వాయిస్తున్నాడు. వెనక నడుస్తూ ఏసోబు అతని భుజం మీద వేలితో తాళం వేస్తున్నాడు. పై స్వరం వచ్చే ముందు మాత్రం జయకర్ నాలుకతో ఆ పన్నును ఒకసారి తడిమి చూసుకుంటాడు. అది ఉందని తెలిశాకే ఊదుతాడు.